ఎప్పుడూ వాడని మందుకి కూడా రెసిస్టెన్స్ ఎలా వచ్చింది? నాన్న కల్చర్ రిపోర్ట్ చూశాక వచ్చిన డౌట్

సుజాత_గుంటూరు
అందరికీ నమస్తే. మా నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన వారం చలిజ్వరం, యూరిన్‌లో మంట అంటే టెస్టులు చేయించాం. కల్చర్ రిపోర్ట్‌లో ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని, ఇఎస్‌బిఎల్ పాజిటివ్ అని వచ్చింది, దాని కింద యాంటీబయాటిక్ మందుల లిస్టు, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్ అని వరసగా, అంటే రెసిస్టెంట్, ఆ మందు పనిచేయదని. సెఫ్‌ట్రయాక్సోన్ ఆర్, సిప్రోఫ్లోక్సాసిన్ ఆర్, కోట్రైమాక్సజోల్ ఆర్, జెంటామైసిన్ ఆర్, టెట్రాసైక్లిన్ ఆర్. ఎస్ అని, అంటే పనిచేస్తాయని ఉన్నవి నాలుగే. డాక్టర్ గారు ఎర్టాపెనెమ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, జ్వరం తగ్గుతోంది, ట్రీట్‌మెంట్ గురించి నా ప్రశ్న కాదు. నా ప్రశ్న వేరే. పదేళ్ల నుంచి నాన్న ప్రిస్క్రిప్షన్లన్నీ ఫైల్ చేసి పెట్టేది నేనే. సిప్రో వాడారు, సెఫ్‌ట్రయాక్సోన్ ఒకసారి వాడారు, అవి పనిచేయట్లేదంటే అర్థం చేసుకోగలను. జెంటామైసిన్ మాత్రం ఒక్కసారి కూడా వేయించుకోలేదు. మరి దానికి రెసిస్టెన్స్ ఎక్కడి నుంచి వచ్చింది? రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి ప్లీజ్.

కొత్తపేట_బాబాయ్
అమ్మా, నాన్నగారు త్వరగా కోలుకోవాలి. నాకు తెలిసింది ఏంటంటే ఎక్కువ మందులు వాడితే శరీరం వాటికి అలవాటు పడిపోతుంది, అందుకే ఇక పనిచేయవు. ఒక గుంపు మందులకి అలవాటైతే మిగతావాటికీ అలాగే అవుతుందేమో.

పెట్రీడిష్
బాబాయ్ గారూ, చాలామంది ఇలాగే అనుకుంటారు కాబట్టి చెప్తున్నా, తప్పుగా అనుకోకండి. అలవాటు పడేది మన శరీరం కాదండీ, బ్యాక్టీరియా. అదే మందు వేరే బ్యాక్టీరియా వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కి అదే మనిషిలో చక్కగా పనిచేస్తుంది.

సుజాత గారూ, నేను వైజాగ్‌లో ఒక హాస్పిటల్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, మీరు చెప్పిన లాంటి రిపోర్టులు రోజూ చూస్తాం. మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. ఆ జెంటామైసిన్ రెసిస్టెన్స్‌ని ఆ బ్యాక్టీరియా మీ నాన్నగారి ఒంట్లో కష్టపడి సంపాదించుకోలేదు. రెడీమేడ్‌గా దొరికింది. ఇంకో బ్యాక్టీరియా ఇచ్చింది. అదీ ఒక్క జెంటామైసిన్‌ది మాత్రమే కాదు, నాలుగైదు మందులకి కావలసిన జన్యువులు ఒకే మూటగా కట్టి ఇచ్చింది.

ఆ మూట పేరు ప్లాస్మిడ్. బ్యాక్టీరియాకి అసలు క్రోమోజోమ్ ఒకటి ఉంటుంది, ఈ.కోలైలో అయితే దాదాపు 46 లక్షల అక్షరాల డీఎన్‌ఏ. అది కాక విడిగా చిన్న చిన్న డీఎన్‌ఏ చుట్టలు ఉంటాయి, అవే ప్లాస్మిడ్లు. వాటి కాపీలు అవే చేసుకుంటాయి, కొన్ని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లిపోగలవు కూడా. ఇఎస్‌బిఎల్ అని మీ రిపోర్ట్‌లో ఉంది చూడండి, అంటే సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్, మన దగ్గర దానికి ఎక్కువగా కారణం సీటీఎక్స్-ఎమ్-15 అనే జన్యువు. అది కూర్చునే ప్లాస్మిడ్ మీద చాలాసార్లు జెంటామైసిన్ లాంటివాటిని, టెట్రాసైక్లిన్‌ని, కోట్రైమాక్సజోల్‌ని తట్టుకునే జన్యువులు కూడా పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి నాన్నగారు సెఫ్‌ట్రయాక్సోన్ వాడినప్పుడు ఆ మూట ఉన్న బ్యాక్టీరియా మాత్రమే బతికింది, మూటలో మిగతావి కూడా దాంతోపాటే మిగిలాయి. జెంటామైసిన్ వాడకుండానే జెంటామైసిన్ రెసిస్టెన్స్ పెరగడానికి కారణం ఇదే.

సుజాత_గుంటూరు
అయ్యో, అంటే ఒక మందు వాడితే ఐదు మందులు పోతాయా? ఇది నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదండీ. ఇంకో డౌట్, ఆ ఇచ్చిన బ్యాక్టీరియా ఎక్కడుంది? నాన్న ఒంట్లోనేనా?

పెట్రీడిష్
పేగుల్లో అయ్యుండొచ్చు, నీళ్లలో అయ్యుండొచ్చు, హాస్పిటల్‌లో అయ్యుండొచ్చు, ఫలానా చోట అని చెప్పలేం. నాన్నగారికి ఆ ఈ.కోలై వచ్చేటప్పటికే మూటతో సహా వచ్చి ఉండొచ్చు కూడా. యూరిన్ ఇన్ఫెక్షన్ చేసే ఈ.కోలై ఎక్కువగా మన పేగుల్లోంచి వచ్చేదే. మన దేశంలో ఏ జబ్బూ లేకుండా తిరిగేవాళ్ల పేగుల్లో కూడా ఇఎస్‌బిఎల్ బ్యాక్టీరియా మామూలుగానే దొరుకుతుంది.

ఓరుగల్లు_రవి
అక్కా నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫస్టియర్, వరంగల్. మాకు ఇదంతా సిలబస్‌ల ఉంది. బ్యాక్టీరియా ఒకదాని జన్యువులు ఇంకోటి తీసుకునుడు ట్రాన్స్‌ఫర్మేషన్, కాంజుగేషన్, ట్రాన్స్‌డక్షన్ అని మూడు రకాలు, ఎగ్జామ్‌ల రాస్తం, మార్కులొస్తయ్, అంతే. కానీ నిజంగ ఒక మనిషి రిపోర్ట్‌ల గిట్ల కనపడుతదని ఎన్నడూ అనుకోలె. సుజాతక్క పోస్ట్ చదివినంక బుక్ మళ్ల తీసిన. ఎవరన్న ఈ మూడు ఎట్ల కనిపెట్టిన్రో మంచిగ చెప్తరా? బుక్‌ల పేర్లు, సంవత్సరాలు మాత్రమే ఉన్నయ్, కథ లేదు.

రిటైర్డ్_లెక్చరర్
రవీ, కథ అడిగావు కాబట్టి చెప్తాను, కాస్త పొడుగవుతుంది. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి చెప్పిన పాఠం ఇది, ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరలేదు.

1928, లండన్. ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే ఆయన న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా మీద పనిచేస్తున్నాడు. అందులో ఒక రకానికి చుట్టూ జిగురు తొడుగు ఉంటుంది, కాలనీలు నున్నగా మెరుస్తాయి, ఎలుకకి ఎక్కిస్తే చచ్చిపోతుంది. తొడుగు లేని రకం గరుగ్గా ఉంటుంది, ఎలుకకి ఏమీ కాదు. ఆయన నున్నటివాటిని వేడి చేసి చంపేసి ఎక్కించాడు, ఎలుకకి ఏమీ కాలేదు. చచ్చిన నున్నటివి, బతికున్న గరుకువి కలిపి ఎక్కించాడు, ఎలుకలు చచ్చిపోయాయి! వాటి రక్తంలో చూస్తే బతికున్న నున్నటి బ్యాక్టీరియా. చచ్చినవి లేచి రాలేదు. బతికున్నవి చచ్చినవాటి గుణం తీసుకున్నాయి. అదే ట్రాన్స్‌ఫర్మేషన్. ఆ తీసుకున్న పదార్థం ఏమిటో గ్రిఫిత్‌కి తెలియదు, తెలిసేదాకా ఆయన బతకలేదు, 1941లో లండన్ మీద జర్మన్ల బాంబుదాడిలో పోయాడు. మూడేళ్లకి, 1944లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ తేల్చారు. ప్రోటీన్‌ని కరిగించే ఎంజైమ్ వేసినా ఆ పదార్థం పనిచేస్తూనే ఉంది, ఆర్‌ఎన్‌ఏని కరిగించేది వేసినా పనిచేసింది, డీఎన్‌ఏని కరిగించేది వేస్తే మాత్రం ఆగిపోయింది. వంశపారంపర్యం డీఎన్‌ఏలో ఉంటుందని లోకానికి మొదటి గట్టి రుజువు అది. అది చూపించింది బ్యాక్టీరియా.

ఇక రెండోది. 1946, యేల్ యూనివర్సిటీ. జాషువా లెడర్‌బర్గ్‌కి అప్పటికి 21 ఏళ్లు. రవీ, దాదాపు నీ వయసే. ఎడ్వర్డ్ టాటమ్ దగ్గర పనిచేస్తూ ఈ.కోలైలో రెండు అవిటి రకాలు తీసుకున్నాడు. ఒకటి కొన్ని పోషకాలు సొంతంగా తయారుచేసుకోలేదు, రెండోది ఇంకొన్ని తయారుచేసుకోలేదు. విడివిడిగా ఉత్త లవణాలు, చక్కెర ఉన్న మీడియం మీద వేస్తే రెండూ పెరగవు. కలిపి వేస్తే దాదాపు కోటికి ఒకటి చొప్పున పెరిగాయి. మరి అది ఒకదాన్నొకటి తాకి ఇచ్చుకున్నదా, లేక నీళ్లలో తేలే డీఎన్‌ఏ తీసుకున్నదా? దానికి 1950లో బెర్నార్డ్ డేవిస్ యూ ఆకారం గాజు గొట్టం చేశాడు. అడుగున సన్నటి ఫిల్టర్, అటు ఒక రకం, ఇటు ఒక రకం. ద్రవం అటూ ఇటూ వెళ్తుంది, బ్యాక్టీరియా వెళ్లలేదు. ఏమీ పెరగలేదు. అంటే తాకాలి. అదే కాంజుగేషన్.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. లెడర్‌బర్గ్ శిష్యుడు నార్టన్ జిండర్ ఇదే పని సాల్మొనెల్లాలో చేద్దామని అదే యూ గొట్టం పెట్టాడు. ఈసారి ఫిల్టర్ అడ్డం ఉన్నా గుణాలు దాటాయి! డీఎన్‌ఏని కరిగించే ఎంజైమ్ వేసినా దాటాయి. తాకలేదు, విడి డీఎన్‌ఏ కాదు, మరేమిటి? ఫిల్టర్ రంధ్రాల్లోంచి దూరగలిగినంత చిన్నది, డీఎన్‌ఏని తన కవచంలో దాచి మోసేది, వైరస్. బ్యాక్టీరియాని తినే ఫేజ్. ఒక బ్యాక్టీరియాలో తన పిల్లల్ని తయారుచేసుకుని తలల్లో డీఎన్‌ఏ సర్దుకునేటప్పుడు పొరపాటున ఆ బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముక్కని సర్దేస్తుంది, తర్వాత దూరిన బ్యాక్టీరియాలో ఆ ముక్క దిగుతుంది. 1952లో పేపర్ వచ్చింది. ఒకే గొట్టం, అక్కడ లేదన్నది ఇక్కడ ఉందంది, ఆ తేడాని వదలకుండా పట్టుకున్నందుకు మూడో దారి, ట్రాన్స్‌డక్షన్, దొరికింది. పిల్లలకి నేను ఇదే చెప్పేవాణ్ణి, అనుకున్నట్టు రాని రిజల్ట్‌ని పారేయకండిరా అని.

ఓరుగల్లు_రవి
మాస్టారు, దండం. గిట్ల ఎవరు చెప్పలె మాకు.

సుధ_మైసూరు
మాస్టారూ, ఒక పేరు చేర్చనివ్వండి, ఎస్తర్ లెడర్‌బర్గ్. జాషువా భార్య, ఆవిడ సొంతంగా గొప్ప శాస్త్రవేత్త. లాంబ్డా ఫేజ్‌ని కనిపెట్టింది ఆవిడే, కాంజుగేషన్‌లో ఇచ్చే బ్యాక్టీరియాలో ఎఫ్ అనే ఫ్యాక్టర్ ఉంటుందని తేల్చిన పనిలో ఆవిడ చేయి ఉంది, ఒక ప్లేట్ మీది కాలనీలని వెల్వెట్ గుడ్డతో అద్ది ఇంకో ప్లేట్ మీదకి అచ్చు దింపే పద్ధతి ఆవిడా జాషువా కలిసి తెచ్చారు. 1958లో నోబెల్ జాషువాకి, బీడిల్‌కి, టాటమ్‌కి వచ్చింది, ఆవిడకి రాలేదు. మా పీహెచ్‌డీ రోజుల్లో ఆ వెల్వెట్ గుడ్డలు ఆటోక్లేవ్ చేసి ఆరబెట్టుకునేవాళ్లం, ప్రతిసారీ ఆవిడే గుర్తొచ్చేది.

రిటైర్డ్_లెక్చరర్
నిజమేనమ్మా, చెప్పి మంచి పని చేశావు. నేనే చెప్పి ఉండాల్సింది.

సుజాత_గుంటూరు
చదువుతూ ఉంటే టైమ్ తెలియలేదు మాస్టారూ. నేను కామర్స్ చదివినదాన్ని, అయినా అర్థమైంది. కానీ కాంజుగేషన్‌లో ఇచ్చేశాక ఇచ్చినదాని దగ్గర ఆ మూట ఉండదా? ఇస్తే దానికి నష్టం కదా?

పెట్రీడిష్
ఉండదనుకుంటాం కానీ ఉంటుందండీ. పక్కింటికి తోడు ఇచ్చినట్టు అనుకోండి, గిన్నెలోంచి స్పూన్ పెరుగు ఇస్తే మన పెరుగు అయిపోదు, వాళ్లింట్లో కూడా గిన్నె నిండా తోడుకుంటుంది. జరిగేది ఏంటంటే, ఇచ్చేదాని ఒంటి మీద నుంచి పిలస్ అనే సన్నటి పోగు బయటికి వస్తుంది, పక్కదాన్ని అంటుకుని దగ్గరకి లాక్కుంటుంది. రెండూ ఆనుకున్నాక ప్లాస్మిడ్‌లో ఒక నిర్ణీత చోట ఒక ఎంజైమ్ రెండు పోగుల్లో ఒక్క పోగుని మాత్రమే కోస్తుంది. ఆ పోగు ఒక చివర నుంచి మెల్లగా అవతలికి దూరుతుంది, ఇటు మిగిలిన పోగుకి జత పోగు తయారవుతుంది, అటు చేరిన పోగుకి కూడా జత తయారవుతుంది. చివరికి రెండింట్లోనూ పూర్తి ప్లాస్మిడ్. కొన్ని నిమిషాల పని. ఆపైన తీసుకున్నది కూడా ఇచ్చేదిగా మారిపోతుంది.

ఇంకో సంగతి. ఈ ఇచ్చిపుచ్చుకోడానికి రెండూ ఒకే జాతి అవ్వాలని లేదు. ఈ.కోలై క్లెబ్సియెల్లాకి ఇస్తుంది, షిగెల్లాకి ఇస్తుంది, సాల్మొనెల్లాకి ఇస్తుంది. సీటీఎక్స్-ఎమ్ జన్యువుల పూర్వీకులు క్లూయివెరా అనే బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో ఉండేవి, అది మనుషులకి పెద్దగా జబ్బు చేయదు. అక్కడి నుంచి ఒక గెంతే డీఎన్‌ఏ ముక్క ఆ జన్యువుని లేపుకొచ్చి ప్లాస్మిడ్ మీద పడేసింది, ఇక అది ప్రపంచమంతా తిరిగింది. సీటీఎక్స్-ఎమ్-15ని మొదట గుర్తించింది మన దేశం బ్యాక్టీరియాలోనే, 1999లో ఢిల్లీలో తీసిన శాంపిల్స్‌లో.

ఉత్తరాన_తెలుగు
సుజాత గారూ, మీ ప్రశ్న ఒక దేశం మొత్తం అడిగిన ప్రశ్న. జపాన్. యుద్ధం అయ్యాక అక్కడ జిగట విరేచనాలు విపరీతం. సల్ఫా మందులు వాడారు, కొన్నాళ్లకి పనిచేయడం మానేశాయి. తర్వాత స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ వచ్చాయి. 1950ల మధ్యలో నాలుగింటికీ లొంగని షిగెల్లా, అంటే ఆ విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా, కనపడింది. మ్యుటేషన్ల వల్ల, అంటే సొంత జన్యువుల్లో వచ్చే మార్పుల వల్ల ఒక్కొక్కటిగా వచ్చిందంటే లెక్క కుదరదు, నాలుగు వేర్వేరు మ్యుటేషన్లు ఒకే బ్యాక్టీరియాలో కలిసి రావడమంటే దాదాపు అసాధ్యం. పైగా ఒకే పేషెంట్ దగ్గర లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ దొరికేవి, అదే పేషెంట్ పేగుల్లోని మామూలు ఈ.కోలై కూడా అవే నాలుగు మందులకి లొంగేది కాదు. ఓచియాయ్, అకిబా వాళ్లు 1959లో ఈ రెండింటినీ కలిపి చూశారు, రెసిస్టెన్స్ మొత్తం గంపగుత్తగా దాటింది. 1963లో వతనబే ఇంగ్లీషులో పెద్ద వ్యాసం రాస్తే అప్పుడు మిగతా ప్రపంచం ఉలిక్కిపడింది, అప్పటిదాకా చాలామందికి ఇది ల్యాబ్‌లో ముచ్చట అనే ఉండేది.

ఆ నాలుగు మందుల్లో టెట్రాసైక్లిన్ ఉంది కదా, ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అది బయటికొచ్చింది 1948లో, అమెరికాలో లెడర్లే ల్యాబ్స్‌లో, డగ్గర్ కనిపెట్టాడు, అక్కడ పరిశోధన మొత్తానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది ఆయన పోయారు. పదేళ్లు తిరక్కుండానే దానికి విరుగుడు జన్యువు ప్లాస్మిడ్ల మీద ఎక్కి జపాన్ హాస్పిటల్స్‌లో తిరుగుతోంది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

భీమవరం_చెరువులు
మా ఊరి పేరు విని వచ్చా అండీ. మేము వనామీ రొయ్యలు వేస్తాం, పన్నెండు ఎకరాల చెరువు. ఇక్కడ యాంటీబయాటిక్ అంటే అందరికీ ఒకటే భయం, ఎక్స్‌పోర్ట్‌లో రెసిడ్యూ దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. కానీ ఈ మూట సంగతి వింటుంటే నాకు ఇంకోటి గుర్తొచ్చింది, ఈఎమ్ఎస్ అని రొయ్యలకి జబ్బు, చైనా, వియత్నాం, థాయ్‌లాండ్‌లో చెరువులకి చెరువులు తుడిచిపెట్టేసింది, పిల్ల వేసిన నెల తిరక్కుండా చనిపోయేవంట. ఒక మీటింగులో సైంటిస్ట్ గారు అది విబ్రియో వల్లే అన్నారు, మరి విబ్రియో మా అందరి చెరువుల్లోనూ ఎప్పుడూ ఉండేదే కదా, అన్ని విబ్రియోలూ ఎందుకు చంపవు అని అడిగితే ప్లాస్మిడ్ అన్నారు, అప్పుడు అర్థం కాలేదు.

ఉత్తరాన_తెలుగు
సరిగ్గా అదే అన్నా. విబ్రియో పారాహీమోలిటికస్ అందరి చెరువుల్లో ఉంటుంది. కానీ కొన్నిటి దగ్గర దాదాపు 70 వేల అక్షరాల ప్లాస్మిడ్ ఒకటి ఉంటుంది, దాని మీద పిర్-ఏ, పిర్-బీ అనే రెండు విషాల జన్యువులు. ఆ రెండూ కలిసి రొయ్య కాలేయ గ్రంథిని పాడుచేస్తాయి. ఆ ప్లాస్మిడ్ ఉంటే చంపుతుంది, లేకపోతే చంపదు. అలాంటి విషాలే పురుగుల్ని చంపే ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియాలో కూడా ఉన్నాయి. కాబట్టి నీళ్లలో విబ్రియో ఎంత ఉందనే లెక్కతో సరిపోదు, ఏ విబ్రియో అనేది ముఖ్యం. పిల్ల కొనేటప్పుడు హేచరీలో ఇలాంటి జన్యువుల్ని వెతికే పీసీఆర్ టెస్ట్ అడగడంలో అర్థం ఇదే.

భీమవరం_చెరువులు
ఇన్నాళ్లకి అర్థమైందండీ. పీసీఆర్ రిపోర్ట్ అంటే వైట్ స్పాట్ వైరస్ ఒక్కటే చూసేవాణ్ణి. ఈసారి పిల్ల తెచ్చేటప్పుడు దీని గురించి కూడా అడుగుతా.

పెట్రీడిష్
విబ్రియో అన్నారు కాబట్టి కలరా బ్యాక్టీరియా గురించి రెండు ముక్కలు, ఇది మన తీరం కథ కూడా. కలరా విషం జన్యువు అసలు ఆ బ్యాక్టీరియా సొంతం కాదు, ఒక ఫేజ్ మోసుకొచ్చింది, 1996లో వాల్డర్, మెకలనోస్ చూపించారు. అంటే వైరస్ దూరిన బ్యాక్టీరియానే మనిషిని చంపగలిగే కలరా అవుతుంది. 1992 చివర్లో మద్రాస్‌లో కొత్త రకం బయటపడింది, ఓ139 అని పేరు పెట్టారు, బంగాళాఖాతం పొడుగునా పాకింది. పాత కలరా వచ్చి తట్టుకున్న పెద్దవాళ్లకి కూడా ఇది వచ్చింది, ఎందుకంటే పైతొడుగు తయారుచేసే జన్యువుల గుంపు మొత్తం మారిపోయింది, ఇంకెక్కడినుంచో తెచ్చుకుని పాతదాని చోట పెట్టుకుంది. అంటే ఒంట్లో అదే పాత బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తికి మాత్రం కొత్త మనిషి.

ఈ కలరా బ్యాక్టీరియా డీఎన్‌ఏని తెచ్చుకునే పద్ధతి కూడా వింటే గుండె ఆగుతుంది. సముద్రంలో పీతలు, సన్న రొయ్యల పెంకుల మీద ఉంటుంది కదా, ఆ పెంకులోని కైటిన్ తగిలితే దీనికి డీఎన్‌ఏ లాక్కునే యంత్రాంగం ఆన్ అవుతుంది. దాంతోపాటే పక్కనున్న బ్యాక్టీరియాని పొడిచి చంపే ఈటె లాంటి ఆయుధం కూడా ఆన్ అవుతుంది. పక్కదాన్ని పొడుస్తుంది, అది పగిలి డీఎన్‌ఏ బయటపడుతుంది, దాన్ని పిలస్‌తో పట్టుకుని లోపలికి గుంజుకుంటుంది. ఇండియానా యూనివర్సిటీ వాళ్లు 2018లో రంగులు వేసి వీడియో తీశారు, గాలం వేసి చేపని లాగినట్టే ఉంటుంది. మాస్టారు చెప్పిన గ్రిఫిత్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇదే, మన కళ్లముందు.

ఓరుగల్లు_రవి
మేడమ్ ఒక డౌట్. అన్ని రెసిస్టెన్స్‌లు గిట్లనే వస్తయా? టీబీ ల కూడా ఎండీఆర్ అంటరు కదా, చాలా మందులకి లొంగనిది.

పెట్రీడిష్
మంచిది అడిగావు, నేను కూడా పై పోస్ట్‌లో అంతా మూట మీదే ఉందన్నట్టు రాశాను, అది సరిచేయాలి. టీబీ బ్యాక్టీరియా ఈ ఇచ్చిపుచ్చుకోవడాల జోలికి పోదు, దాని రెసిస్టెన్స్ అంతా సొంత క్రోమోజోమ్‌లో వచ్చే మ్యుటేషన్ల వల్లే. అందుకే అక్కడ మూడు నాలుగు మందులు కలిపి ఇస్తారు, అన్నిటికీ ఒకేసారి మ్యుటేషన్ రావడం కష్టం కాబట్టి. అలాగే సుజాత గారి నాన్నగారి రిపోర్ట్‌లో సిప్రో ఆర్ ఉంది చూశారా, ఈ.కోలైలో సిప్రోకి గట్టి రెసిస్టెన్స్ ఎక్కువగా గైరేజ్ అనే ఎంజైమ్ జన్యువులో మ్యుటేషన్ల వల్లే వస్తుంది, ప్లాస్మిడ్ జన్యువులు దానికి తోడు మాత్రమే. కాబట్టి ఆ లిస్టులో కొన్ని సొంత సంపాదన, కొన్ని ఎవరో ఇచ్చినవి.

మెడికల్‌షాప్_రాజు
నేను తణుకులో ఇరవై ఏళ్లుగా మెడికల్ షాప్ నడుపుతున్నా. చదువుతుంటే నా షాపే కళ్లముందు కనపడుతోంది. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు, జలుబు అన్నా, ఆ ఎర్ర బిళ్ల రెండు ఇవ్వు అంటారు. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్ చీటీ లేకుండా ఇవ్వకూడదని 2016 నుంచి ప్రచారం ఉంది, అంతకుముందే 2014లో షెడ్యూల్ హెచ్1 అనే రూల్ వచ్చింది, అమ్మింది రిజిస్టర్‌లో రాయాలి. నేను ఇవ్వను. ఇవ్వకపోతే పక్క షాపుకి వెళ్తారు, అది కూడా నిజం. ఇన్నాళ్లూ ఆ మందు ఆ మనిషికి పనిచేయకుండా పోతుందనే చెప్పేవాణ్ణి, ఎవరూ వినేవాళ్లు కాదు, ఎవరి ఒళ్లు వాళ్లిష్టం అనేవాళ్లు. నువ్వు వాడిన బిళ్ల వల్ల పక్కవాడికి ఐదు మందులు పోతాయని ఎప్పుడూ చెప్పలేదు. రేపటి నుంచి అలా చెప్తా.

ఉత్తరాన_తెలుగు
రాజు గారూ, ఇంకో ముక్క కూడా చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్నే పెంచుతాయి. సిప్రో డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, బ్యాక్టీరియా లోపల ప్రమాద ఘంట మోగుతుంది, దాన్నే ఎస్‌ఓఎస్ అంటారు. కలరా బ్యాక్టీరియాలో ఎస్‌ఎక్స్‌టీ అనే రెసిస్టెన్స్ మూట ఆ ఘంట వినగానే ఉన్నచోటు వదిలి పక్కదానిలోకి దూకుతుంది, 2004లోనే చూపించారు. అంటే ఇల్లు అంటుకుంటే పత్రాలు పక్కింట్లోకి విసిరేసినట్టు.

దీనికి మన హైదరాబాద్ పక్కనే పెద్ద ఉదాహరణ ఉంది, చెప్పడానికి బాధగా ఉంటుంది. నేను ఉండేది స్వీడన్‌లో గోథెన్‌బర్గ్, ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించి 2007లో ప్రచురించారు. శుద్ధి చేశాక వచ్చే నీళ్లలో సిప్రో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఒక్కరోజులో పోయే సిప్రో స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేదానికి సమానం. తర్వాత 2011లో అక్కడి వాగుల అడుగు మట్టిలో డీఎన్‌ఏ చదివారు, రెసిస్టెన్స్ జన్యువులు విపరీతంగా ఉన్నాయి, వాటిని మోసే ప్లాస్మిడ్లు, గెంతే ముక్కలు కూడా. అక్కడి నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరలోకి పోతాయి. మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఆ మంజీర ఒడ్డునే. చిన్నప్పుడు అందులో ఈతలు కొట్టాం.

పెట్రీడిష్
ఢిల్లీలో కూడా చూశారు. ఎన్‌డీఎమ్-1 జన్యువు ఉంటే సుజాత గారి నాన్నగారికి ఇస్తున్న ఎర్టాపెనెమ్ లాంటి మందులు కూడా పనిచేయవు. 2010లో ఢిల్లీలో రోడ్ల మీద, వీధుల్లో నిలిచిన నీళ్లు 171 శాంపిల్స్ తీస్తే 51లో, కుళాయి నీళ్లు 50 తీస్తే 2లో ఆ జన్యువు దొరికింది. దాని పేరులో న్యూఢిల్లీ ఉండటం మీద అప్పట్లో చాలా గొడవ జరిగింది. పేరు సంగతి ఎలా ఉన్నా కుళాయి నీళ్లలో దొరకడమే నన్ను కలవరపెట్టింది.

సుజాత_గుంటూరు
మందులు వాడటం ఆపేస్తే ఆ మూటలు పోవా? అవసరం లేని బరువు మోయడం ఎందుకు దానికి?

సుధ_మైసూరు
సుజాత గారూ, అలాగే పోవాలి అని అందరం అనుకున్నాం. కొన్ని పోతాయి కూడా. కానీ ప్లాస్మిడ్లు తెలివిగా తాళం వేసుకుంటాయి. నేను పైన చెప్పిన ఎఫ్ కూడా ప్లాస్మిడే, దాని మీద రెండు జన్యువులు ఉంటాయి, ఒకటి విషం, ఒకటి విరుగుడు. విషం చాలాసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా అరిగిపోతుంది, కాబట్టి విరుగుడు ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతూ ఉండాలి. బ్యాక్టీరియా రెండుగా విడిపోయేటప్పుడు ఒక పిల్లకి ప్లాస్మిడ్ రాలేదనుకోండి, తల్లి నుంచి వచ్చిన విషం లోపల ఉంటుంది, విరుగుడు అరిగిపోతుంది, కొత్తది తయారుచేసే జన్యువు లేదు. ఆ పిల్ల చచ్చిపోతుంది. మూట వదిలినది బతకదు. జపాన్ వాళ్లే 1983లో చూపించారు దీన్ని. అందుకే మందు ఆపగానే పాత రోజులు తిరిగి రావు.

కానీ మొత్తం చెడ్డ కథ అనుకోకండి. పాలు పెరుగవడానికి సాయపడే లాక్టోకోకస్ అనే బ్యాక్టీరియాలో పాలచక్కెరని వాడుకునే జన్యువులు చాలావాటిలో ప్లాస్మిడ్ మీదే ఉంటాయి. పెట్రీడిష్ అక్క చెప్పిన తోడు పోలిక అందుకే నాకు భలే నచ్చింది. జపాన్ వాళ్ల పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాకి సముద్రపు నాచుని అరిగించే జన్యువు ఉంది, అది సముద్రంలోని బ్యాక్టీరియా నుంచి వచ్చిందని 2010లో తేలింది. తరతరాలుగా వాళ్లు తినే నాచుతో పాటు లోపలికి వెళ్లి, అక్కడి బ్యాక్టీరియాకి ఆ విద్య ఇచ్చి పోయింది. ఆనందమోహన్ చక్రవర్తి గారు నాలుగు ప్లాస్మిడ్లు ఒకే సూడోమోనాస్‌లో చేర్చి చమురు తినే బ్యాక్టీరియా తయారుచేశారు, దానికి పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తీర్పు ఇచ్చింది.

కొత్తపేట_బాబాయ్
అమ్మా పెట్రీడిష్, నేను తప్పుగా చెప్పింది సరిదిద్దినందుకు సంతోషం. నలభై ఏళ్లు అలాగే అనుకున్నాను. మా మనవడికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను.

సుజాత_గుంటూరు
నాన్నని ఇంటికి తీసుకొచ్చేశాం అండీ, జ్వరం లేదు, ఇంజెక్షన్ ఇంకో నాలుగు రోజులు ఇంటికొచ్చి నర్స్ వేస్తుంది. మా అబ్బాయికి నాలుగేళ్లు, ఎప్పుడూ తాతయ్య ఒళ్లోనే. వాడికి ఏమైనా ప్రమాదమా?

పెట్రీడిష్
ఒళ్లో కూర్చోనివ్వండి, దానికేం భయం లేదు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, అన్నం ముందు ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, నాన్నగారి డైపర్ లాంటివి మారిస్తే మీరు కూడా. మిగతావి మీ డాక్టర్ గారిని అడగండి. ఆ రిపోర్ట్ మాత్రం మీ ఫైల్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి, ఎప్పుడైనా అర్జెంటుగా హాస్పిటల్‌కి వెళ్లాల్సి వస్తే మొదట అదే చూపించండి, మందు ఎంచుకోవడంలో వాళ్లకి ఒక రోజు కలిసొస్తుంది.

ఓరుగల్లు_రవి
నాలుగు రోజుల తర్వాత వస్తున్న. మొన్న మా సార్‌కి ఈ థ్రెడ్ చూపించిన, సార్ కాంజుగేషన్ ప్రాక్టికల్ ముందుకి జరిపిండు. క్లాస్‌ల వాడే హాని లేని ఈ.కోలై రెండు రకాలు. ఒకటి యాంపిసిలిన్ తట్టుకుంటది, అది ప్లాస్మిడ్ మీద ఉంది. ఇంకోటి స్ట్రెప్టోమైసిన్ తట్టుకుంటది, అది క్రోమోజోమ్ మీద. రెండూ కలిపి 37 డిగ్రీల దగ్గర గంట సేపు కదపకుండ పెట్టినం, కదిపితే పట్టు విడిపోతయ్ అన్నడు సార్. తర్వాత రెండు మందులూ ఉన్న ప్లేట్ మీద వేసినం. విడివిడిగ వేసిన ప్లేట్లు రెండు ఖాళీ. కలిపి వేసిన ప్లేట్ మీద 43 కాలనీలు. మూడుసార్లు లెక్కవెట్టిన. నిన్న సాయంత్రం దాకా లోకంల లేని బ్యాక్టీరియా అక్కడ కూసున్నయ్. ఫొటో పెట్టిన, చూడున్రి.

సుజాత_గుంటూరు
రవీ, ఆ ఫొటో నాన్నకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ ఖాళీ ప్లేట్లు రెండూ పక్కన పెట్టి ఇంకో ఫొటో తీసి పంపమంటున్నారు, మూడూ కలిపి చూస్తారట.

ఓరుగల్లు_రవి
రేపు పొద్దున ల్యాబ్ తెరవంగనే తీసి పెడ్త అక్కా. తాతకి నమస్తే అని చెప్పు.